ఉలి, చిత్రిక బ్లేడు ఇంట్లోనే నూరుకోవడం: మొదటి నుంచి చివరి దాకా

"టేకు మీద ఉలి జారిపోతోంది." "చిత్రిక పడుతుంటే చెక్క పెచ్చులూడుతోంది, చిత్రిక మార్చాలా?" "ఎంత కొలిచి కోసినా అతుకు దగ్గర సందు వస్తోంది." సరదాగా చెక్కపని మొదలుపెట్టినవాళ్ల దగ్గర్నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివి. చెక్కనో, పనిముట్టునో, చేతివాటాన్నో అనుమానించే ముందు చూడాల్సింది పదును. కొత్త ఉలిని కవరు చించి నేరుగా చెక్క మీద పెడితే అది తెగదు, నలుగుతుంది. కొట్లో కొన్న ఉలి సగం తయారైన పనిముట్టు. మిగతా సగం మన చేతిలో ఉంది.

ఇది ఉలికీ, చిత్రిక బ్లేడుకీ మాత్రమే. రంపం పళ్లకు మూడుపలకల ఆకురాయి కావాలి, ఆ పద్ధతే వేరు.

## 1. వాలు, వీపు, వాదర

ఉలికి ఏటవాలుగా చెక్కిన వైపు వాలు. దాని అవతల చదునుగా ఉండేది వీపు. ఈ రెండూ కలిసే గీత వాదర. కిందంతా ఈ మూడు మాటలే వాడుతున్నాను.

రెండు నున్నటి తలాలు ఒక గీత మీద కలిస్తేనే పదును. చాలామంది వాలును గంటల తరబడి నూరుతారు, వీపు జోలికి వెళ్లరు. వీపు మీద ఫ్యాక్టరీ గీతలు అలాగే ఉంటే వాదర కూడా ఆ గీతల్లాగే గరుకుగా ఉంటుంది. వాలును ఎంత మెరిపించినా లాభం లేదు.

కోణాలు ఇలా పెట్టుకోండి:

- మామూలు ఉలి, చిత్రిక బ్లేడు: వాలు 25 డిగ్రీలు, దాని కొసన సన్నటి చిన్న వాలు 30 డిగ్రీలు.
- సుత్తితో కొట్టి బెజ్జాలు తీసే లావుపాటి ఉలి: 30 నుంచి 35.
- సుత్తి తగలనివ్వకుండా చేత్తోనే చెక్కే ఉలి: 20 నుంచి 25.

కోణం కొలిచే సాధనం లేకపోయినా పర్వాలేదు. వాలు పొడవు ఉలి మందానికి సరిగ్గా రెండింతలుంటే అది 30 డిగ్రీలు. రెండుంపావు దాటి, రెండున్నరకు కాస్త తక్కువైతే 25. అంటే 4 మి.మీ. మందం ఉన్న ఉలికి వాలు 8 మి.మీ. ఉంటే 30, తొమ్మిదిన్నర ఉంటే 25. స్కేలు చాలు.

## 2. ఏం కొనాలి, ఏది ఇప్పుడే వద్దు

కొత్తవాళ్లకు నేను చెప్పేది వాటర్ పేపరే. ఖరీదైన రాయి కొనడానికి ముందు పదునైన వాదర ఎలా ఉంటుందో మీ చేతికి తెలియాలి. అందుకు ఇంతకన్నా చవకైన దారి లేదు.

మొదటి దారి: గ్రానైట్ ముక్క, వాటర్ పేపర్

- పాలిష్ చేసిన గ్రానైట్ ముక్క, కనీసం అడుగు పొడవు, నాలుగైదు అంగుళాల వెడల్పు. వంటగది గట్టులు కోసే దుకాణాల్లో తెగిన ముక్కలు పక్కన పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు. చీమకుర్తి నల్లరాయైనా, కరీంనగర్ గోధుమరంగుదైనా ఒకటే. దాని మీద స్టీలు స్కేలును నిలబెట్టి అవతల నుంచి వెలుతురు చూడండి. స్కేలు కింద వెలుతురు కనబడకపోతే పనికొస్తుంది. 8 లేదా 10 మి.మీ. అద్దమైనా సరే. నాపరాయి వద్దు, త్వరగా అరుగుతుంది.
- వాటర్ పేపర్, అంటే నీళ్లలో తడిపి వాడే సాండ్ పేపర్: 220, 400, 800, 1500, 2000. అంకె పెరిగేకొద్దీ పేపర్ నున్నన. ఒక్కో షీటును నిలువునా మూడు పట్టీలుగా కోసుకోండి. మామూలు ఎమరీ పేపర్ నీళ్లకు చినిగిపోతుంది, అడిగి మరీ వాటర్ పేపరే తీసుకోండి.
- చక్రం ఉన్న హోనింగ్ గైడ్, అంటే నూరేటప్పుడు కోణం మారకుండా ఉలిని బిగించి పట్టే సాధనం. ఉలిని రెండు పక్కల నుంచి బిగించే రకం చవకగా దొరుకుతుంది.
- నల్ల మార్కర్ పెన్ను, చిన్న మూలమట్టం, పాత బనియన్ గుడ్డ.
- పాత బెల్టు తోలు, పాలిష్ చేసే ఆకుపచ్చ సబ్బు. దానిలో పని చేసేది క్రోమియం ఆక్సైడ్.

రెండో దారి: నీటిరాయి

ఒకవైపు 1000, ఇంకోవైపు 6000 ఉన్న జంటరాయి ఒక్కటే చాలా కాలం సరిపోతుంది. 1000 వైపును బుడగలు ఆగేదాకా నాననివ్వాలి. 6000 వైపు మీద నీళ్లు చిలకరిస్తే చాలు. బకెట్లో పడేసి మర్చిపోకండి, కొన్ని రకాల రాళ్లు పగులుతాయి.

మూడో దారి: డైమండ్ ప్లేటు

ఇది చదును చెడదు, నీళ్ల తడి చాలు. చవక ప్లేట్లు పల్చగా ఉండి వంగుతాయి కాబట్టి వాటిని గ్రానైట్ ముక్కకో, మందపాటి ప్లైవుడ్‌కో అతికించాలి.

హార్డ్‌వేర్ దుకాణంలో ఉలి కొంటే పక్కనే చేతిలో పెట్టే బూడిదరంగు కార్బోరండం రాయి సంగతి కూడా చెప్పాలి. దానికి రెండు వైపులుంటాయి, ఒకటి గరుకు, ఇంకోటి 'సన్నం'. ఆ సన్నం వైపు కూడా మన పనికి ముతకే. వాదర విరిగితే సరిచేయడానికి అది బాగుంటుంది. అక్కడితో ఆపేస్తే మాత్రం ఎన్నాళ్లయినా చెక్క నలుగుతూనే ఉంటుంది.

పేపర్ మీద అంకెనూ నీటిరాయి మీద అంకెనూ ఒకే గాటన కట్టకండి. వాటర్ పేపర్ 1000 రేణువు దాదాపు 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 2000 పేపరుది దాదాపు 10. జపాన్ కొలత పాటించే 1000 నీటిరాయి ఈ రెండింటికీ మధ్యలో, 2000 పేపరుకు దగ్గరగా ఉంటుంది. అందుకే పేపర్ దారిలో 1000 దగ్గర ఆగకూడదు.

## 3. కొలత పలక

ఇది లేకుండా గైడ్ కొన్నా ప్రయోజనం సగమే. గైడ్ నుంచి ఉలి ఎంత ముందుకు వచ్చిందన్నదే కోణాన్ని నిర్ణయిస్తుంది. ప్రతిసారీ స్కేలు పెట్టి కొలిస్తే ప్రతిసారీ కాస్త తేడా వస్తుంది. తేడా వచ్చిన ప్రతిసారీ వాలు మొత్తం మళ్లీ నూరాలి.

ఒక చెక్క పలక తీసుకోండి. దాని అంచు నుంచి ఈ దూరాల్లో చిన్న చెక్కముక్కలు మేకులతో బిగించండి:

- ఉలికి: 40 మి.మీ. (25 డిగ్రీలు), 30 మి.మీ. (30 డిగ్రీలు)
- చిత్రిక బ్లేడుకి: 50 మి.మీ. (25 డిగ్రీలు), 38 మి.మీ. (30 డిగ్రీలు)

గైడ్ ముందుభాగాన్ని పలక అంచుకు ఆనించి, ఉలి కొస ఆ ముక్కకు తగిలేదాకా జరిపి బిగిస్తే అయిపోయింది. ఈ అంకెలు రెండు పక్కల నుంచి బిగించే మామూలు గైడ్‌వి. మీది వేరే రకమైతే ఒకసారి బిగించి, వాలు పొడవు లెక్కతో సరిచూసుకుని మీ అంకెలు మీరే రాసుకోండి.

## 4. నూరే ముందు ఉలిని చూడటం

- వాదరను దీపం వైపు తిప్పండి. తెల్లటి గీత మెరిస్తే అక్కడ మొద్దుబారింది. చుక్కలుగా మెరిస్తే అక్కడక్కడా విరిగింది.
- వీపు మీద మూలమట్టం ఆనించి వాదర అడ్డంగా సరిగ్గా ఉందో వంకరపోయిందో చూడండి.
- కొత్త ఉలికి తుప్పు పట్టకుండా వార్నిష్ పూత ఉంటుంది. థిన్నర్‌తో తుడిచేయండి, లేకపోతే పేపర్ మూసుకుపోతుంది.
- వాదరకు దగ్గరగా, పక్క అంచు మీద ఆకురాయి ఒకసారి రాయండి. ఆకురాయి జారిపోతే ఉక్కు గట్టిగా ఉంది. మెత్తగా కొరికితే ఆ ఉలికి నీరు సరిగ్గా పట్టలేదు, అంటే కాల్చి ముంచి గట్టిపరచడం కుదరలేదు. ఎంత నూరినా పదును నిలవదు, తిరిగిచ్చేయండి.

ఊళ్లో కమ్మరి దగ్గర లారీ కమానుపట్టీతో చేయించిన ఉలి ఉంటే ఆకురాయి పరీక్ష తప్పక చేయండి. బాగా కుదిరినవి కొట్లో ఉలి కన్నా ఎక్కువ కాలం పదును నిలుపుతాయి. కుదరనివి మొదటి బెజ్జానికే వంగిపోతాయి. రెండు రకాలూ పైకి ఒక్కలాగే కనిపిస్తాయి.

## 5. వీపు చదును చేయడం

ఉలి జీవితంలో ఒక్కసారే చేసే పని ఇది. బద్ధకించేదీ ఇక్కడే. వాదర నుంచి వెనక్కి ఒక అంగుళం, అంటే 25 మి.మీ. చదునైతే చాలు. మొత్తం వీపును అద్దం చేయనక్కర్లేదు.

క్రమం:

1. గ్రానైట్ మీద నీళ్లు పూసి 400 పట్టీ పరవండి. కింద గాలి బుడగలు లేకుండా చేత్తో నొక్కండి.
2. వీపు కొసన మార్కర్‌తో నల్లగా రాయండి.
3. ఉలిని పట్టీకి అడ్డంగా పెట్టి, వాదర దగ్గరే రెండు వేళ్లతో నొక్కిపట్టి, ముందుకూ వెనక్కూ పది పన్నెండు సార్లు రుద్దండి. పిడిని ఎంతమాత్రం పైకి ఎత్తకండి.
4. తీసి చూడండి. నలుపు ఎక్కడ పోయిందో అక్కడ ఎత్తు, ఎక్కడ మిగిలిందో అక్కడ పల్లం.

వాదర పొడవునా నలుపు పోయి, గీతలన్నీ ఒకే దిక్కున కనబడేదాకా 400 మీదే ఉండండి. నలుపు మధ్యలో మిగిలితే కంగారు లేదు, మధ్య పల్లం మంచిదే. వాదర దగ్గర మిగిలితే మాత్రం వదలకూడదు. 400 మీద ఎంతసేపటికీ తగ్గకపోతే 220కి దిగండి. ముతక పేపర్ మీద పని పూర్తయితే మిగతావి త్వరగా ముగుస్తాయి.

తర్వాత 800, 1500, 2000. ప్రతి మెట్టులోనూ ముందు మెట్టు గీతలు మాయమయ్యేదాకా. రుద్దే దిక్కును మెట్టుమెట్టుకీ కాస్త ఏటవాలుగా మారిస్తే పాత గీతలు మిగిలాయో లేదో ఇట్టే తెలుస్తుంది.

చివరికి వాదర దగ్గర మీ కిటికీ ఊచలు కనబడాలి.

పిడిని ఎత్తితే ఏమవుతుంది? వాదర దగ్గర వీపు గుండ్రంగా తిరుగుతుంది. ఆ ఉలి ఇక చెక్క మీద చదునుగా ఆనదు. దాన్ని సరిచేయాలంటే గుండ్రంగా తిరిగిన మేరా వాదరనే వెనక్కి నూరాలి. ఈ మొత్తం పనిలో ఇంతకు మించిన నష్టం తెచ్చే పొరపాటు లేదు.

## 6. 25 డిగ్రీల వాలు

1. ఉలిని గైడ్‌లో 40 మి.మీ. దగ్గర బిగించండి. గైడ్ పక్కకు మూలమట్టం పెట్టి ఉలి నిటారుగా ఉందో లేదో చూడండి.
2. వాలు మొత్తం మార్కర్ రాయండి.
3. 220 పట్టీ మీద, వేళ్లు వాదర దగ్గర నొక్కి, మీ వైపుకు లాగండి. పేపర్ మీద తోయకండి, వాదర గుచ్చుకుని పేపర్ చీలుతుంది. రాళ్ల మీదైతే రెండు వైపులా నూరవచ్చు.
4. ఐదారు లాగుల తర్వాత చూడండి. మార్కర్ ఒక పక్కే పోతుంటే ఉలి వంకరగా బిగించారు, లేదా నొక్కు ఒక పక్కే పడుతోంది.

ఇప్పుడు బర్ సంగతి. వాలు వాదర దాకా నూరబడిందని మనకు చెప్పేది అదొక్కటే. వాదర పల్చబడి, వీపు వైపుకు సన్నటి ఉక్కు పొరలా మడతపడుతుంది. వీపు మీద వేలిని లోపలి నుంచి వాదర బయటికి జరిపితే గోరుకు కొక్కెంలా తగులుతుంది. వాదర వెంబడి మాత్రం వేలు నడపకండి, తెగుతుంది.

బర్ వాదర మొత్తం పొడవునా తగలకుండా తర్వాతి పేపరుకు వెళ్లొద్దు. ఎన్ని నిమిషాలు పట్టిందన్నది లెక్క కాదు, ఎన్ని సార్లు లాగారన్నదీ కాదు. రెండు మూలలా, మధ్యలో, మూడు చోట్లా తగలాలి. ఒక మూల తగలకపోతే ఆ మూల వైపు నొక్కు పెంచి ఇంకో పది లాగులు.

220 మీద బర్ వచ్చాక 400, ఆపైన 800. వాలు అద్దంలా మెరవనక్కర్లేదు, ఎందుకంటే అసలు కోసేది దీని కొసన వచ్చే చిన్న వాలు.

## 7. 30 డిగ్రీల చిన్న వాలు

గైడ్ విప్పి 30 మి.మీ. దగ్గర బిగించండి. 800 మీద ఐదారు లాగులు, 1500 మీద ఐదారు, 2000 మీద పది. నొక్కు తగ్గించుకుంటూ పోండి. చివరి లాగులకు ఉలి బరువు చాలు.

చూస్తే వాదర వెంట వెంట్రుక మందాన మెరిసే గీత కనబడుతుంది. అర మిల్లీమీటరు కూడా ఉండదు. పని అంతా ఆ గీతదే. తర్వాతి సారి పదును తగ్గితే ఈ గీతనే మళ్లీ నూరతారు, 25 డిగ్రీల వాలు ముట్టుకోరు. అందుకే రెండో సారి నుంచి పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఈ చిన్న వాలు పెరిగి పెరిగి రెండు మిల్లీమీటర్లు అయినప్పుడు మళ్లీ పైన 6వ భాగంలో చెప్పిన పని.

## 8. బర్ తీయడం, తోలు

బర్‌ను వేలితో విరిచేయకండి, వాదర కూడా చిరుగుతుంది.

- గైడ్ తీసి, వీపును 2000 పేపర్ మీద పూర్తిగా చదునుగా పెట్టి రెండు మూడు సార్లు లాగండి.
- బర్ ఇప్పుడు వాలు వైపుకు మడుచుకుంటుంది. వాలును గైడ్‌తో 2000 మీద రెండు లాగులు.
- మళ్లీ వీపు. ఇలా రెండు మూడు మార్లు మార్చి మార్చి చేస్తే రాలిపోతుంది.

తోలును గరుకు వైపు పైకి వచ్చేలా చదునైన చెక్కకు అతికించండి. ఆకుపచ్చ సబ్బును క్రేయాన్‌లా రాసి, ఉలిని వెనక్కి మాత్రమే లాగండి. వాలు ఇరవై సార్లు, వీపు ఐదారు సార్లు. వీపు తోలు మీద కూడా చదునుగానే. మెత్తటి మందపాటి తోలు వాదరను గుండ్రం చేస్తుంది కాబట్టి పల్చటి గట్టి తోలే మేలు.

## 9. పదును వచ్చిందా?

చేతి మీద వెంట్రుకలు గొరిగి చూపించే పరీక్ష చాలామందికి ఇష్టం. బర్ పూర్తిగా పోని ఉలి కూడా వెంట్రుకలు గొరుగుతుంది కాబట్టి నాకు దాని మీద నమ్మకం లేదు.

మెత్తటి చెక్క తీసుకోండి. పార్సిల్ పెట్టెల్లో వచ్చే పైన్ ముక్క దొరికినంత సులువుగా దీనికి ఇంకేదీ దొరకదు. దాని అడ్డకోత వైపు, అంటే నార తెగి కనిపించే కొసను, సుత్తి లేకుండా చేత్తో సన్నగా చెక్కండి.

- కోసిన చోటు మెరుస్తూ, నున్నగా ఉంటే: పదును వచ్చింది.
- తెల్లటి దుమ్ములా, నార నలిగినట్టుంటే: ఇంకా మొద్దే.
- నున్నటి చోట నిలువు గీతలు పడితే: వాదర మీద చిన్న విరుపులు మిగిలాయి.

మెత్తటి చెక్కే ఎందుకంటే టేకు గట్టిది, మొద్దు ఉలితో కూడా బలంగా కొడితే తెగినట్టు కనిపించి మోసం చేస్తుంది. పైన్ అడ్డకోత అలా కాదు, పదును లేకపోతే నలిగి చూపిస్తుంది.

## 10. చిత్రిక బ్లేడుకు ఉన్న తేడాలు

వడ్రంగులు రందా అనే కొయ్య చిత్రికైనా, నాలుగో నంబరు (మామూలు సైజు) ఇనుప చిత్రికైనా బ్లేడు నూరే పద్ధతి పైదే. గైడ్ కొలతలు 50, 38. తేడా మూడు చోట్ల ఉంది.

వీపు. చిత్రిక బ్లేడు వీపు చెక్కకు ఆనదు. కాబట్టి ఉలికి చేయకూడని సులువు దీనికి చేయవచ్చు. అర మిల్లీమీటరు మందం ఉన్న సన్నటి స్టీలు స్కేలును 2000 పేపర్ ఒక అంచున పెట్టి, బ్లేడు వీపును దాని మీద ఆనించి, వాదర ఇంకో అంచున పేపరుకు తగిలేలా రుద్దండి. అర డిగ్రీ మాత్రమే వాలుతుంది, వాదర దగ్గర మాత్రమే నూరబడుతుంది. వీపంతా చదును చేసే శ్రమ తప్పుతుంది. ఉలికి మాత్రం ఇది ఎప్పుడూ చేయకండి.

మూలలు. బ్లేడు మూలలు పదునుగా ఉంటే చెక్క మీద గట్లుగట్లుగా గీతలు పడతాయి. నూరేటప్పుడు ఆఖర్న ఎడమ మూల నొక్కి నాలుగు లాగులు, కుడి మూల నొక్కి నాలుగు లాగులు చేస్తే చాలు. ఎక్కువ చెక్క ఊడగొట్టే ముతక పనికి బ్లేడును ఇంకా గుండ్రంగా, 8-10 అంగుళాల వ్యాసార్ధంలో తీర్చుకోవచ్చు.

పై బ్లేడు. కోసే బ్లేడు మీద స్క్రూతో బిగించే రెండో ఇనుప ముక్కను చాలామంది పట్టించుకోరు. దాని ముందు అంచు కోసే బ్లేడు వీపుకు సందు లేకుండా ఆనాలి. రెండూ బిగించి దీపం ముందు పట్టండి. వెలుతురు దూరితే చెక్క పొరలు కూడా అక్కడే దూరి ఇరుక్కుంటాయి. 400 పేపర్ మీద దాని అడుగు అంచును నూరి సరిచేయండి. మామూలు పనికి దీన్ని వాదర నుంచి ఒక మి.మీ. వెనక్కి, నార అటూ ఇటూ తిరిగిన చెక్కకు అర మి.మీ. కన్నా దగ్గరగా బిగించాలి. పెచ్చులూడే సమస్య చాలావరకు ఇక్కడే తీరుతుంది. చాలామంది ఈ సర్దుబాటు చూడకుండానే కొత్త చిత్రిక కొనేస్తారు.

## 11. గ్రైండర్ ఎప్పుడు

వాదర రెండు మూడు మి.మీ. లోతున విరిగితేనే. మన దగ్గర కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి మామూలు బెంచ్ గ్రైండర్ నిమిషానికి దాదాపు 2,850 సార్లు తిరుగుతుంది. ఇంత వేగంలో వాదర లాంటి పల్చటి ఉక్కు కొన్ని క్షణాల్లోనే కాలుతుంది.

ఉక్కు లేత గడ్డి రంగుకు తిరిగితే వేడి 200 డిగ్రీల సెల్సియస్ దాటింది. నీలం వచ్చిందంటే 300కి దగ్గరైంది, అక్కడ గట్టిదనం పోయింది. నీలాన్ని పైపైన రుద్ది తీసేస్తే రంగు పోతుంది గానీ మెత్తదనం పోదు. ఆ మేర ఉక్కును పూర్తిగా వెనక్కి నూరేయాలి.

- పక్కనే గిన్నెలో నీళ్లు. రెండు మూడు క్షణాలు ఆనించి, ముంచి, మళ్లీ.
- వేళ్లు వాదరకు దగ్గరగా పెట్టుకోండి. మీకు వేడి తగిలితే ఉక్కుకూ తగిలినట్టే.
- బూడిదరంగు చక్రం కన్నా తెల్లటి అల్యూమినియం ఆక్సైడ్ చక్రం, 60 లేదా 80 నంబరుది, తక్కువ వేడెక్కుతుంది.
- కళ్లద్దాలు తప్పనిసరి. చేతి తొడుగులు వద్దు, తిరిగే చక్రం గుడ్డను లాగేస్తుంది.
- వాదర దాకా నూరకండి. ఒక వెంట్రుక మందం మిగిల్చి, మిగతాది 220 పేపర్ మీద.

సైకిలు మీద సాన చక్రం తెచ్చేవాళ్లకు ఉలి ఇవ్వకండి. వాళ్ల పని కత్తులకు, కత్తెరలకు కుదిరేది. కోణం నిలిపే ఆనువు ఉండదు, నీళ్లుండవు.

## 12. లక్షణం చూసి మందు

- ఎంత నూరినా బర్ రావడం లేదు. మార్కర్ రాసి చూడండి. నలుపు వాదర దగ్గర మిగిలి ఉంటే మీరు నూరేది వాలు వెనక భాగాన్ని. ముతక పేపరుకు దిగాలి, లేదా గైడ్ కొలత సరిచూడాలి.
- పదును వచ్చి పది నిమిషాల్లో పోతోంది. బర్ మిగిలిపోయింది, చెక్క మీద అదే విరిగి వాదరను చింపుతోంది. 8వ భాగంలో చెప్పిన పని మళ్లీ. అయినా పోతుంటే కోణం చాలలేదు, 30ని 33 చేసి చూడండి. అప్పటికీ నిలవకపోతే ఉక్కులోనే లోపం.
- వాదర ఏటవాలుగా పోయింది. సన్నటి ఉలి (పావు అంగుళం) గైడ్‌లో ఒరుగుతుంది. నొక్కు మధ్యలో ఒకే వేలితో.
- పట్టీ మధ్యలో చీలుతోంది. తోస్తున్నారు. లాగండి.
- నీటిరాయి మీద వాదర వంపు తిరుగుతోంది. రాయి మధ్యలో అరిగి గుంట పడింది. రాయి మీద పెన్సిలుతో గళ్లు గీసి, గ్రానైట్ మీద పరిచిన 220 వాటర్ పేపరుతో గళ్లన్నీ పోయేదాకా రుద్దండి. నూరే ప్రతి రోజూ మొదట ఇదే చేయాలి.
- ఒకచోట పదేపదే విరుగుతోంది. పాత ఇళ్ల ద్వారబంధాలు, దూలాలు కొని వాడుతున్నారా? పాత టేకు చాలా బాగుంటుంది, కానీ లోపల తల విరిగిన మేకులుంటాయి. చెక్కమీద బలమైన అయస్కాంతం తిప్పి చూసి, తీసేశాకే ఉలి పెట్టండి.

చెక్కను బట్టి కూడా వాదర అరుగుదల మారుతుంది. టేకులో సిలికా ఉంటుంది, అది సన్నటి ఇసుకలా వాదరను అరగదీస్తుంది. నల్లతుమ్మ గట్టిది, కోణం కాస్త పెద్దదిగా ఉంటే మేలు. వేప, మామిడి అంత బాధపెట్టవు. ప్లైవుడ్‌లో జిగురు పొరలు వాదరను చాలా త్వరగా తినేస్తాయి, దానికి పాత ఉలి ఒకటి వేరే పెట్టుకోండి.

## 13. గైడ్ లేకుండా

పాత మేస్త్రీలు గైడ్ ముట్టుకోరు. రాయిని చెక్కముక్కలో బిగించి, కింద కూర్చుని, చేత్తోనే నూరతారు. నేర్చుకోదగ్గ పనే, కానీ గైడ్‌తో పదునైన ఉలి ఎలా ఉంటుందో తెలిశాకే.

వాలును రాయి మీద పెట్టి ముందుకూ వెనక్కూ ఊపితే వాలు ముందంచూ వెనకంచూ తగిలే స్థితి చేతికి తెలుస్తుంది. అక్కడ మణికట్టు బిగించి, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టి, శరీరం కదలికతో నూరండి. మణికట్టు ఊగితే వాలు గుండ్రంగా తిరిగిపోతుంది. వెడల్పు ఉలితో మొదలుపెట్టండి, ఆనే చోటు ఎక్కువుంటుంది. మార్కర్ ఇక్కడ కూడా వాడండి, మేస్త్రీ చూస్తే నవ్వినా సరే.

## 14. పని మధ్యలో, పని అయ్యాక

టేకులో బెజ్జాలు తీస్తుంటే పావుగంటకోసారి తోలు మీద పది లాగులు. తోలు పని చేయడం మానేసినప్పుడు 2000 మీద చిన్న వాలు. పూర్తిగా మొద్దుబారేదాకా ఆగితే మళ్లీ 800 నుంచి రావాలి.

దాచే ముందు:

- తడి గుడ్డతో నూరిన బురద తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టారా?
- కుట్టుమిషన్ నూనె ఒక చుక్క పూశారా? నువ్వుల నూనె జిగురుకడుతుంది, వద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వానాకాలం వారానికోసారి మళ్లీ పూయాలి.
- వాదరకు తొడుగు వేశారా? రేకు డబ్బాలో ఉలులన్నీ కలిపి పడేస్తే ఒకదాని వాదర ఇంకోదానికి తగిలి విరుగుతుంది. అట్టముక్క మడిచి టేపు వేసినా సరిపోతుంది.
- చిత్రికను పక్కకు పడుకోబెట్టి, లేదా బ్లేడు లోపలికి లాగి పెట్టారా?
- వాడిన 2000 పట్టీ కడిగి ఆరేశారా? రేపు చిన్న వాలుకు మళ్లీ పనికొస్తుంది. 220, 400 మాత్రం అరిగాక పారేయండి, అరిగిన ముతక పేపర్ కోయదు.